డాక్టర్ సలహా: సజ్జ తర్వాత సర్దుకోవచ్చు, ముందు ఆ గోలీ సంగతి చెప్పండి

ప్రశ్న: సార్ నమస్తే. నాకు 46 ఏండ్లు, మాది కల్వకుర్తి దగ్గర ఊరు. బిడ్డ పెండ్లయి పోయింది, కొడుకు హైదరాబాద్‌ల జాబ్ చేస్తడు, ఇంట్ల మేమిద్దరమే. పోయినేడాది మా అత్తమ్మ చనిపోయింది, అప్పటి నుంచి మనసు బరువుగ ఉంటున్నది. అక్కర్లేని సామాను తీసేస్తే మనసు తేలికైతదని, ఏది జరిగినా పాజిటివ్‌గ అనుకోవాలని, నెగెటివ్ మనుషులను దూరం పెట్టాలని వీడియోల చూసిన. సజ్జ మీది సామానంతా దించిన గానీ మధ్యలనే కూసుండిపోతున్న, ఏం చేయబుద్ధి అయితలేదు. మా ఆయన తాడు ముక్క కూడా పారెయ్యనియ్యడు. నా పెండ్లి గద్వాల చీర, మా అమ్మ పెట్టిన ఇత్తడి బిందె మా ఆడబిడ్డకు ఇచ్చేసిన, నాకెందుకిగ అనిపించింది. నా చిన్నప్పటి సోపతి ఒకామె బొంబాయి వలస పోయి మళ్లీ ఊరికొచ్చింది, ఫోన్ చేస్తే ఆమె కష్టాలే చెప్తది, దూరం పెట్టాల్నా? నిద్ర పట్టక ఐదు నెలల నుంచి మెడికల్ షాపుల అడిగి చిన్న గోలీ వేసుకుంటున్న, అల్ప్రాజోలం అంట, ముందు 0.25, ఇప్పుడు 0.5. ఏం కాదు అన్నడు. ఇల్లు మొత్తం సర్దుకుంటే ఎన్ని రోజుల్ల మంచిగైతది సార్?

జవాబు: అమ్మా, ఓపీ మధ్యలో రాస్తున్నా, బయట ఇంకా పది పన్నెండు మంది ఉన్నరు, అందుకని మీరు అడిగిన వరుసలో కాకుండా నాకు భయమైన వరుసలో చెప్తా. మీ ఉత్తరంలో సజ్జ, సామాను, వీడియోలు చాలానే ఉన్నయి గానీ నా కన్ను రెండు చోట్లనే ఆగింది. ఒకటి "నాకెందుకిగ" అన్న మాట, రెండోది ఆ గోలీ.

పగిలిన బకెట్టు, చక్రాలు ఊడిన సూట్‌కేసు, పిల్లల పాత పుస్తకాలు తీసేసినోళ్లు "పీడ పోయింది" అంటరు. నాకెందుకిగ అనరు. పెండ్లి చీర, అమ్మ పెట్టిన బిందె చేతులారా ఇచ్చేసి నాకెందుకిగ అన్నరంటే అది సర్దుకోవడం లెక్కలోకి రాదేమో అని నా అనుమానం. ఆడబిడ్డ మీద ప్రేమతోనే ఇచ్చి ఉండొచ్చు, మనిషిని చూడకుండా నేనేం తేల్చి చెప్పలేను, కానీ డాక్టర్‌గా అడగక తప్పని ప్రశ్న ఒకటుంది, తప్పుగా అనుకోవద్దు. బతికి ఏం లాభం, నిద్రలోనే పోతే బాగుండు అనే ఆలోచనలు వస్తున్నయా? అడిగితే లేని ఆలోచన పుడతదని ఇంట్లోవాళ్లు భయపడి అడగరు. అట్ల పుట్టదు, అడిగితే చాలామందికి గుండె బరువు దిగినట్టయితది. వస్తున్నయంటే ఇవాళే మీ ఆయనకో కొడుక్కో నోరు తెరిచి చెప్పండి, రాత్రిపూటైనా సరే 14416కు ఫోన్ చెయ్యండి, అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్ నుంచి గవర్నమెంట్ నడుపుతున్నది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతరు. ఆలోచనలు మరీ గట్టిగా ఉంటే ఫోన్‌తో ఆగొద్దు, ఎవర్నన్నా తోడు తీసుకుని నేరుగా హాస్పిటల్‌కు పోవాలె. పొలం మందులు ఇంట్లో పెట్టుకునే అలవాటుంటే వాటిని బయటికి తీసి తాళం వేసే పని మీ ఆయన చెయ్యాలి, తాళంచెవి ఆయన దగ్గరే ఉండాలి. తాడు ముక్కలు తర్వాత చూసుకుందాం.

ఇగ గోలీ. "ఏం కాదు అన్నడు" అని రాసిన్రు. ఎవరన్నరమ్మా? షాపులో కూర్చున్న పిల్లగాడా? అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే ఎవరికి అమ్మిన్రో, ఏ డాక్టర్ రాసిన్రో రిజిస్టర్‌లో రాసి మూడేండ్లు దాచిపెట్టాలె. స్ట్రిప్ మీద ఎర్ర గీతల చట్రంలో హెచ్చరిక కూడా ఉంటది, కానీ మీకు అది కనిపించి ఉండదు, ఎందుకంటే కత్తెరతో నాలుగు గోలీలు కత్తిరించి చిన్న కవర్‌లో వేసి ఇస్తరు, పేరొక ముక్కలో పోతది, ఎక్స్‌పైరీ డేట్ ఇంకో ముక్కలో పోతది.

ఈ మందుతో వచ్చే చిక్కు ఏందంటే మొదట్లో మస్తు పని చేస్తది. వేసుకున్న గంటలో కండ్లు మూతలు పడతయి, అబ్బ ఎన్నాళ్లకు నిద్రపోయిన అనిపిస్తది. కొన్ని వారాలకే ఒంటికి అలవాటై అదే డోసు చాలదు, సగం గోలీ ఒకటైతది, ఒకటి ఒకటిన్నర అయితది, మీరు ఆ మెట్లు ఎక్కడం మొదలుపెట్టిన్రు అని మీ ఉత్తరమే చెప్తున్నది. పోనీ లోపలి దిగులేమన్నా తగ్గుతదా అంటే అదీ లేదు, ఇల్లు కురుస్తుంటే కప్పు బాగుచేసుకోకుండా చాప అటూ ఇటూ జరుపుకుని పడుకున్నట్టు. పైగా పొద్దున మత్తు, మతిమరుపు, పట్టుదప్పి పడడం. పొద్దంతా ఏం చేయబుద్ధి అయితలేదు అంటున్నరు కదా, అందులో కొంత వాటా ఈ గోలీదే కావచ్చు.

కానీ, ఇది జాగ్రత్తగా చదవండి, నేను తిట్టినా అని ఇవాళ రాత్రి నుంచే ఆపెయ్యొద్దు. నెలల తరబడి వేసుకున్నంక ఒక్కసారి ఆపితే చేతులు వణుకుతయి, చెమటలు పడతయి, గుండె దడ, అసలే నిద్ర ఉండదు, కొందరికి ఫిట్స్ కూడా వస్తయి. చుట్టాలింట్ల పెండ్లికి పోయి గోలీ ఇంట్లో మర్చిపోయి మూడో రోజు ఫిట్స్‌తో వచ్చినోళ్లను చూసిన నేను. ఇంకో తిప్పలేందంటే, ఆపినప్పుడు వచ్చే ఈ ఇబ్బందిని చూసి "చూసిన్రా, గోలీ లేకపోతే జబ్బు ఎట్ల ముదిరిందో" అనుకుని మళ్లీ వేసుకుంటరు. అది జబ్బు ముదరడం కాదు, గోలీ వదులుతున్నప్పటి గోస. డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంట పోవాలె, వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు.

మన పాలమూరు వాళ్లకు ఈ మందు కొత్తేం కాదు, పేరు తెల్వక తాగినోళ్లే ఎక్కువ. కల్తీ కల్లులో కలిపేవాటిల్లో ఇదొకటి, ఇంకా డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్. కల్లు దొరకని రోజు మనిషి పిచ్చిపిచ్చిగా మాట్లాడుడు, గాల్లో ఏదో పట్టుకుంటున్నట్టు చేతులాడిచ్చుడు, ఫిట్స్, ఇవన్నీ మీ ఊర్లో కూడా చూసే ఉంటరు. 2015లో దాడులు చేసి కల్తీ కల్లు బంద్ పెట్టినప్పుడు ఎర్రగడ్డ మెంటల్ హాస్పిటల్‌కు ఇట్లాంటోళ్లే గుంపులు గుంపులుగా వచ్చిన్రు. అదే మందును మీరు షాపులో పైసలిచ్చి కొనుక్కుంటున్నరు, అంతే తేడా. అందుకే సిగ్గుపడకుండా చెప్పాల్సిన సంగతి ఇంకోటి, సాయంత్రం మీరు కూడా ఒక గ్లాసు కల్లు తాగే అలవాటుందా? ఉంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి, ఆ రెండూ కలిస్తే మత్తు డబుల్ అయి ఊపిరి కూడా మందగించొచ్చు.

సర్దుడు అని మీరు అడిగిన్రు కాబట్టి, సజ్జ కన్నా ముందు ఒకటి సర్దండి. ఫ్రిజ్ మీదనో టీవీ వెనకాలనో పాత బిస్కెట్ డబ్బా ఒకటుంటది ప్రతి ఇంట్లో, మందుల డబ్బా. కింద పేపర్ పరిచి బోర్లించండి. అత్తమ్మ పోయినంక మిగిలిన బీపీ గోలీలు, ఎవరివో నొప్పుల గోలీలు, మూడు రోజులు వాడి ఆపేసిన యాంటీబయాటిక్, మూత అతుక్కుపోయిన దగ్గు సిరప్, పేరు లేని తెల్ల గోలీలు. ఇప్పుడు మీరిద్దరూ వాడుతున్నవి పక్కకు తీసి మిగతాదంతా ఒక కవర్‌లో కట్టి హాస్పిటల్‌కు పోయేటప్పుడు తీసుకుపోండి, పెంటకుప్ప మీద పడేస్తే పిల్లలకో పశువులకో దొరుకుతయి. వాళ్లకు పని చేసింది వీళ్లకూ చేస్తదని ఆ డబ్బాలోంచి పంచుకునే అలవాటు మన దగ్గర ఎంత నష్టం చేస్తదో చెప్పుకుంట పోతే నా ఓపీ అయిపోతది, ఆపుతున్నా.

మీకేమైంది అంటే చూడకుండా పేరు పెట్టలేను. రెండు వారాలకు మించి దిగులు, దేని మీదా ఇష్టం లేకపోవడం, నిద్ర ఆకలి తప్పడం ఉంటే డిప్రెషన్ ఉందేమో చూడాల్సిందే. సామాను దించి మధ్యలోనే కూర్చుండిపోవడం బద్ధకం అని మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నరేమో, అది లక్షణం కావచ్చు. అట్లాగే థైరాయిడ్ తగ్గినా ఇదే తీరు, మనిషి మబ్బుగా అయిపోతరు. రక్తం తక్కువున్నా, విటమిన్ బీ12 తక్కువున్నా, షుగర్ ఉన్నా అంతే. 46 అంటే నెలసరి అటూ ఇటూ అయ్యే వయసు, రాత్రి ఒక్కసారిగా చెమటలు పట్టి మెలకువ వస్తుంటే అదీ చెప్పండి. కాబట్టి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, షుగర్, బీ12 చూపించుకోండి, ఇంకేం కావాల్నో చూసిన డాక్టర్ చెప్తరు. డిప్రెషన్ అని తేలితే దానికి వేరే మందులున్నయి, అవి రెండు నుంచి నాలుగు వారాలకు గానీ పట్టు చూపియ్యవు, మత్తుగోలీల్లాగా డోసు పెంచమని వెంటపడవు, అయినా వాటిని కూడా సొంతంగా ఆపొద్దు. విచిత్రం ఏందంటే గోలీలకు అలవాటు పడతమేమో అని సైకియాట్రీ ఓపీకి రారు, నిజంగా అలవాటు పడే గోలీ మాత్రం షాపులో అడిగి మింగుతరు.

పాజిటివ్‌గా అనుకోవడం గురించి. అత్తమ్మ పోతే కూడా అంతా మన మంచికే అనుకోవాల్నా? ఏడుపొస్తే ఏడవాలె. నేను నమ్మే పద్ధతి వేరు, మనసులో వచ్చిన మాటను కోర్టులో లాయర్ అడిగినట్టు అడగడం. కొడుకు ఫోన్ ఎత్తలేదు, "నన్ను పట్టించుకుంటలేడు" అని మాట వచ్చింది. సాక్ష్యం ఏంది? పోయిన ఆదివారం అరగంట మాట్లాడిండు కదా, ఇప్పుడు డ్యూటీలో ఉన్నడేమో, రాత్రి చేస్తడేమో. అంతవరకే, లేని సంతోషం తెచ్చిపెట్టుకోవడం కాదు. ఇది ఉత్తగా చెప్పేది కాదు, 1960లలో ఆరన్ బెక్ అనే అమెరికా సైకియాట్రిస్ట్ మొదలుపెట్టిన వైద్యంలో ఇదొక భాగం, కౌన్సెలింగ్‌లో కూర్చోబెట్టి నేర్పిస్తరు. డిప్రెషన్ గట్టిగా ఉన్నప్పుడు మాత్రం ఒక్కరే ఇంట్లో కూర్చుని చేస్తే సరిగా సాగదు, నాతోని ఇది కూడా అయితలేదు అనే బాధ ఇంకోటి జమ అయితది.

మీ సోపతిని దూరం పెట్టొద్దు. ఈ "నెగెటివ్ మనుషులు" అనే మాట వీడియోలు చేసేటోళ్లకు బాగుంటది, వాళ్లకు మీ ఊరు తెల్వదు. బొంబాయిలో బిల్డింగుల కింద ఎండలో పనిచేసి ఇంటికొచ్చిన మనిషి కష్టం చెప్పక ఏం చెప్తది? తాగి కొట్టేటోళ్లను, పైసలు గుంజేటోళ్లను, అవమానించేటోళ్లను దూరం పెట్టమంటే నేనూ ఒప్పుకుంటా. కష్టం చెప్పుకునేటోళ్లు వేరు. మీరు ఆమెకు ఒక్కసారన్నా మీ కష్టం చెప్పిన్రా? నా అనుమానం చెప్పి ఉండరు, వింటూ ఊ కొట్టి ఫోన్ పెట్టేసి ఉంటరు. మనుషులతో మంచి సంబంధాలున్నోళ్ల ఆరోగ్యం బాగుంటదని అమెరికాలో హార్వర్డ్ వాళ్లు 1938 నుంచి మనుషుల జీవితాలు రాసుకుంటూ వచ్చి చెప్పిన్రు, మా నానమ్మ అరుగు మీద కూర్చుని అదే చెప్పేది, సరే.

ఆమెను ఇంటికి పిలవండి, ఫోన్ కాదు. సజ్జ మీంచి దించిన పాత చీరలు ఎట్లాగూ ఇంటి మధ్యలో కుప్పపోసి ఉన్నయి కదా. స్టీలు గిన్నెలాయనకు వేస్తే ఒక చిన్న గిన్నె చేతిలో పెడతడు, దానికన్నా ఇద్దరూ కూర్చుని ఒక బొంత కుట్టండి. మెత్తబడ్డ చీరలు పైనా కిందా, లోపల చినిగినయి, ఆ మూల నుంచి ఆమె ఈ మూల నుంచి మీరు. చేతులు పనిలో ఉంటే ముఖం చూసుకోకుండా మాట్లాడొచ్చు, ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే రాని మాటలు సూది దారం చేతిలో ఉంటే వస్తయి. రోజుకు అరగంట చాలు, ఓపిక లేని రోజు మడత పెట్టి పక్కకు పెట్టండి, గోడకు ఆనుకుని అట్లనే ఉంటది, ఎవరూ ఏమనరు.

మీ ఆయన తాడు ముక్కల జోలికి పోకండి. ఇంట్లో నడవడానికి దారి, వండుకోవడానికి పడుకోవడానికి జాగా ఉన్నంతవరకు అది జబ్బు కాదు, పల్లెలో ఎవుసం చేసుకునేటోళ్ల ఇంట్లో తాడు ముక్క ఏదో ఒకరోజు పనికొస్తది. ఎన్ని రోజుల్లో మంచిగైతది అని అడిగిన్రు, ఇల్లు సర్దితే ఇన్ని రోజులు అని నేను లెక్క చెప్పలేను, ఎవరన్నా చెప్తే నమ్మకండి.

ఇది రాతలో ఇచ్చిన సలహా మాత్రమే, పరీక్ష చేసి ఇచ్చింది కాదు, దీన్ని చూసి ఏ మందూ కొనొద్దు, మార్చొద్దు. నాగర్‌కర్నూల్ జనరల్ హాస్పిటల్ గానీ మహబూబ్‌నగర్ జనరల్ హాస్పిటల్ గానీ పోయి సైకియాట్రీ ఓపీ ఎక్కడని అడగండి, ఈ వారంలోనే, పండుగ అయినంక అని వాయిదా వెయ్యకండి. సోమవారం రష్ ఎక్కువుంటది, మంగళవారమో బుధవారమో పొద్దున్నే పోండి, మీ ఆయనను గానీ ఆ సోపతిని గానీ వెంట తీసుకుపోండి. గోలీల కవర్ పట్టుకుపోవడం మర్చిపోవద్దు, కత్తిరించిన ముక్కలైనా సరే, అన్నీ.