ప్రోనోటు వెనక వైపు

చి.ల.సౌ. శ్రావణికి,

పెదనాన్న ఆశీస్సులు. సంక్రాంతికి వచ్చినప్పుడు మీ ఆయన "మనకేం కోర్టు గొడవలున్నాయి మావయ్యగారూ, లాయరు దగ్గరికెందుకు?" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. విజయవాడలో ఫ్లాటు కొన్నారు, పిల్ల పుట్టింది, ఇక ఊరుకోవడం బాగోదని రాస్తున్నాను.

మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే రోజుల్లో తెలిసినాయనకి రెండు లక్షలిచ్చి ప్రోనోటు రాయించుకున్నాను. రెవెన్యూ స్టాంపు మీద సంతకం, పక్కన సాక్షులు, అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. మీ పెద్దమ్మ బీరువాలో పట్టుచీరల కింద పెట్టి తాళం వేసింది. ఆయన అప్పుడప్పుడు వడ్డీ చేతికిచ్చేవాడు, నేను డైరీలో రాసుకునేవాణ్ణి. తీరా అసలు అడిగేసరికి ముఖం చాటేశాడు. బ్రాడీపేటలో లాయరుగారి దగ్గరికి పట్టుకెళితే ఆయన కాగితం ముందువైపు ఒక్క క్షణం చూసి తిరగేశారు. వెనక అంతా ఖాళీ. "చెల్లు ఏదండీ?" అన్నారు. ప్రోనోటు మీద దావా వెయ్యడానికి గడువు మూడేళ్లు. ఆ లోపల ఎంతో కొంత జమకట్టి, బాకీదారు చేత వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటే అక్కణ్ణుంచి మళ్లీ మూడేళ్లు. నా డైరీలో నా చేతిరాత ఎందుకూ కొరగాలేదు. గడువు దాటి పంతొమ్మిది రోజులే అయింది. ఆ కాగితం పారెయ్యబుద్ధి కాక ఇంకా దాచాను.

అప్పట్నుంచి ఏటా మే నెలలో, కోర్టులకి వేసవి సెలవులిచ్చి లాయర్లు కాస్త తీరిగ్గా ఉన్నప్పుడు, ఫైలు చంకన పెట్టుకుని వెళుతున్నాను. ఏడాదిలో ఏం మారిందో చెబుతాను, ఆయన కాగితాలు తిరగేస్తారు. మూడేళ్ల కిందట నా వీలునామా చూసి, "సాక్షులు ఎలా ఉన్నారు?" అని అడిగారు. ఒకాయన పోయాడు. రెండో ఆయనకి మనుషుల్నే గుర్తుపట్టడం కష్టంగా ఉంది. వీలునామాకి ఇద్దరు సాక్షులుండాలి, రేపు తగాదా వస్తే వాళ్లలో ఒకరైనా కోర్టులో చెప్పాలి కదా! నాకన్నా చిన్నవాళ్లని కూర్చోబెట్టి కొత్తది రాయించుకున్నాను.

మీ సంగతికి వస్తే, మీ ఆయన ఫిక్సెడ్ డిపాజిట్లకి నామినీ పెళ్లికి ముందు పెట్టిన వాళ్ల అన్నయ్యే అన్నావు. బ్యాంకు ఆ నామినీ చేతికే డబ్బిస్తుంది. హక్కు వారసులదే, కానీ ఆ హక్కు కోసం బావగారితో నువ్వు పోట్లాడాలా? ఒక్క ఫారంతో పోయే పని. ఫ్లాటు లోను తీరాక బ్యాంకు ముప్పై రోజుల్లో ఒరిజినల్ దస్తావేజులు వెనక్కివ్వాలి, ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు కట్టాలని 2023లో రిజర్వు బ్యాంకు ఆదేశం. అవి తీసుకున్నాక ఈసీలో, అంటే ఆస్తి మీద లావాదేవీలు చూపించే రిజిస్ట్రారు ఆఫీసు కాగితంలో, తాకట్టు పోయిందో లేదో కూడా చూసుకోండి.

మీ అత్తగారు ఇల్లు కొడుకు పేర గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేస్తానంటున్నారట, అంటే బతికుండగానే రాసిచ్చెయ్యడం. మీకొచ్చే ఆస్తే అయినా చెబుతున్నాను, తొందరపడనివ్వకండి. వీలునామా బతికున్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. సెటిల్‌మెంట్ రిజిస్టరయ్యాక ఇష్టమొచ్చినట్టు రద్దు చేసుకోలేరు. రాస్తానని పట్టుబడితే, ఆవిణ్ణి చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాయించండి. అది ఉంటే రేపు చూడకపోయినా 2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టం కింద ట్రిబ్యునల్‌కి వెళ్లే దారి ఉంటుంది. ఆవిడ వేరే లాయరుని అడిగితే ఇంకా మంచిది.

ఒక్కమాట. పెళ్లి భోజనాల దగ్గర లాయరుని పట్టుకుని ఉచితంగా అడిగేవాళ్లుంటారు. అప్పడం నములుతూ చెప్పే సలహా అప్పడం పాటిదే. ఫీజిచ్చి, అరగంట కూర్చుని, ఆయన చెప్పింది తారీఖు వేసి రాసుకో.

మేలో పిల్లని తీసుకుని గుంటూరు రండి, మా లాయరుగారికి చెప్పి ఉంచుతాను. ఒరిజినల్స్ మోసుకురావద్దు, జిరాక్సులు చాలు. నామినీ మార్పు మాత్రం అప్పటిదాకా ఆపకండి.

మీ పెదనాన్న