ఎగ్జిమాకి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్: ఎంత, ఎన్నాళ్లు?

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా. డాక్టరు గారు మొమెటాసోన్ 0.1 శాతం ఆయింట్‌మెంట్ రోజుకోసారి రాయమన్నారు. స్టెరాయిడ్‌తో చర్మం పలచబడుతుందని విని, అంటీ అంటనట్టు రాసి, ఎరుపు తగ్గగానే రెండో రోజే ఆపేస్తున్నాను. వారం తిరక్కుండా మళ్లీ వస్తోంది. ఇదే బుగ్గలకూ రాయొచ్చా?

జవాబు: మీ భయం అర్థమైంది. కానీ బాబుకి మళ్లీ మళ్లీ రావడానికి కారణం చాలావరకు ఆ భయమే. ఎరుపు పోయినంత మాత్రాన లోపలి వాపు పోయినట్టు కాదు. సగంలో ఆపితే అది మళ్లీ రాజుకుంటుంది, మీరు మళ్లీ ట్యూబు తీస్తారు. లెక్క చూస్తే చివరికి ఎక్కువ మందే పడుతుంది.

కొలత చేతిలోనే ఉంది. పెద్దవాళ్ల చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబులోంచి ఒక్క వరస పిండండి. అది సుమారు అర గ్రాము. వేళ్లు దగ్గరగా పెట్టిన మీ రెండు అరచేతులంత మేర చర్మానికి అది సరిపోతుంది. బాబుకి నాలుగు చోట్లా మచ్చ మీ అరచేతిలో సగమంత ఉందనుకోండి, మొత్తం రెండు అరచేతులు, అంటే ఒక్క వరస. ఈ లెక్కన 10 గ్రాముల ట్యూబు 20 రోజులు రావాలి. మూడు నెలలైనా అవ్వలేదంటే తక్కువ రాస్తున్నట్టే. గట్టిగా రుద్దక్కర్లేదు, చర్మం మీద తడి మెరుపు కనిపించేలా పూస్తే చాలు. గోకి గీరుకుపోయిన చోటా రాయొచ్చు.

ఎప్పుడు ఆపాలో కళ్లు కాదు, వేళ్లు చెప్పాలి. కళ్లు మూసుకుని మడతని తడిమి చూడండి. పక్క చర్మంలాగే నున్నగా ఉండి, దురద కూడా పోతే ఆపండి. మామూలుగా 7 నుంచి 14 రోజులు పడుతుంది. రెండు వారాలకీ తగ్గకపోతే మీరే పొడిగించకుండా డాక్టరుకి చూపించండి. అదే చోట పదేపదే వస్తుంటే, తగ్గాక వారంలో వరసగా రెండు రోజులు మాత్రమే రాసే పద్ధతి ఉంది. అది ఆయన్ని అడిగి మొదలుపెట్టండి.

మాయిశ్చరైజర్ మాత్రం ఏ రోజూ మానొద్దు. దానికీ స్టెరాయిడ్‌కీ మధ్య 20-30 నిమిషాలు ఎడం ఉంచండి. వెంటవెంటనే రాస్తే మందు పలచబడి, అక్కర్లేని చోటికి కూడా పాకుతుంది.

బుగ్గలకి ఈ ట్యూబు వద్దు. మొమెటాసోన్ బలమైన రకం, ముఖం చర్మం పలచన. అక్కడికి సాధారణంగా 1 శాతం హైడ్రోకార్టిసోన్ లాంటి తేలికపాటిది ఇస్తారు. కనురెప్పల దగ్గర ఏ స్టెరాయిడూ సొంతంగా రాయకండి. దీర్ఘకాలం వాడితే కంట్లో ఒత్తిడి పెరగొచ్చు. మీరు భయపడే పలచదనం, చారలు నిజమే. అవి ఎక్కువగా బలమైన మందుని నెలల తరబడి ఆపకుండా, లేదా ముఖం, గజ్జలు, చంకల్లో వాడినప్పుడు వస్తాయి.

పసుపు పచ్చని పక్కులు, చీము కనిపిస్తే ఇన్ఫెక్షన్ అయి ఉండొచ్చు, వెంటనే చూపించండి. జ్వరంతో పాటు ఒకే సైజు నీటి పొక్కులు గుంపుగా లేచి, పగిలి చిన్న గుంటల్లా మారితే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. అది హెర్పిస్ అనే వైరస్ ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆలస్యం ప్రమాదం.

ప్రశ్న: మా వారికి గజ్జల్లో గుండ్రటి మచ్చ. బాబు ఆయింట్‌మెంటే రాస్తే దురద తగ్గింది, కానీ మచ్చ పెద్దదవుతోంది. ఎందుకు?

జవాబు: అది ఫంగస్ వల్ల వచ్చే తామర అయి ఉండొచ్చు. మనం ఎగ్జిమానీ, దీన్నీ కూడా తామర అనేస్తాం, చిక్కంతా అక్కడే. స్టెరాయిడ్ దురదని అణుస్తుంది, ఫంగస్‌ని చంపదు. పైగా చర్మం దానితో పోరాడకుండా చేస్తుంది కాబట్టి అది హాయిగా పాకుతుంది. ఇవాళే ఆపించండి. కొన్నాళ్లు దురద, ఎరుపు పెరుగుతాయి, అది చూసి మళ్లీ రాయకండి. డాక్టరుకి ఏం రాశారో, ఎన్నాళ్లు రాశారో చెప్పండి. స్టెరాయిడ్ పడ్డ తామర రూపు మారిపోయి గుర్తుపట్టడం కష్టమవుతుంది. అనుమానం ఉంటే అంచు దగ్గర పొట్టు గీరి మైక్రోస్కోపు కింద చూస్తారు.