నాన్న బండి చప్పుడు వింటే పిల్లలు దాక్కుంటున్నారు, ఏం చేయాలి?

మీ ఆయన చాలా స్ట్రిక్ట్ అని, ఆయన బండి చప్పుడు వినగానే తొమ్మిదేళ్ల పెద్దోడు పుస్తకం అందుకుంటాడని, ఆరేళ్ల చిన్నోడు మీ వెనక దాక్కుంటాడని రాశారు. ఈమధ్య ఇద్దరూ ఒకరి మీద ఒకరు చాడీలు చెబుతున్నారని కూడా అన్నారు. నాకు ఎక్కువ భయం వేసింది ఆ చివరి మాటకే.

మాది చిత్తూరు దగ్గర పల్లె. చెరుకు తోట, సొంత బెల్లం గానుగ. ఇద్దరు అన్నదమ్ముల్లో నేను పెద్ద. 1994 సంక్రాంతి సెలవుల్లో, నాకు పదేళ్లు, తమ్ముడికి ఏడు. పొయ్యిలోకి పిప్పి ఎగదోస్తున్నారు, పెనంలో రసం తెర్లుతోంది, నాయన మడ్డి తీస్తున్నాడు. వేడి బెల్లం మీద ఆశతో తమ్ముడు పెనం అంచుదాకా పోయాడు. నాయన ఒక్క అంగలో వచ్చి వాణ్ణి ఎత్తి పక్కన పెట్టి, నా చెంప మీద కొట్టాడు. "పెద్దోడివి, చూసుకోవద్దా?" అన్నాడు.

నాకు నాయన మీద కోపం రాలేదు. తమ్ముడి మీద వచ్చింది. ఆ తర్వాత వాడికి మార్కులు తగ్గినా, వాడు చెప్పు పోగొట్టుకున్నా జవాబు చెప్పాల్సింది నేనే. వాడికి నేను రెండో నాయననయ్యాను. నాకూ అబద్ధాలు చెప్పడం మొదలుపెట్టాడు.

మా అమ్మ కూడా "నాయన రానీ, చెప్తా" అనేది. ఎండలో చచ్చి ఇంటికొచ్చిన మనిషికి మొదట చేతికందేది మా తప్పుల చిట్టా. మీరూ అలా అంటుంటే దయచేసి ఈరోజే మానేయండి.

నాయనను నేను మనిషిగా చూసింది ఒక్కసారే. తమ్ముడి జబ్బు తగ్గితే కొండకు నడిచి వస్తానని మొక్కుకున్నాడు. అమ్మ, తమ్ముడు బస్సెక్కారు. మేమిద్దరం అలిపిరి నుంచి నడిచాం. 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఒక్క మాట లేదు. మోకాళ్ల పర్వతం దగ్గర కూలబడి, "కాసేపు ఆగరా, నాకు చేతకావడం లేదు" అన్నాడు. నీళ్లిచ్చాను. చిన్నప్పుడు పాకం ముదరబెట్టి ఒక పెనం బెల్లం పాడు చేస్తే వాళ్ల నాయన రెండ్రోజులు పలకలేదని చెప్పాడు. "ఏడ్చినావా?" అన్నాను. "ఏడ్చినా" అన్నాడు.

తమ్ముడు పక్కన ఉండుంటే ఆ మాట వచ్చేది కాదనుకుంటాను. అందుకే ఒక్కో పిల్లాణ్ణి విడిగా మీ ఆయనతో పంపండి. కూరగాయలకో, బండి పంక్చర్ వేయించడానికో, ఏదో ఒక పని మీద. చిన్నోడి తప్పు చిన్నోణ్ణే అడగమని, పిల్లలు లేనప్పుడు, ఆయనకు నెమ్మదిగా చెప్పండి. ఒంటి మీద వాతలు తేలేలా కొడుతుంటే మాత్రం ఇవేవీ సరిపోవు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

తమ్ముడితో ఈ సంగతులు మాట్లాడింది నాకు నలభై వచ్చాక, నాయన కర్మక్రియల రోజున. పెనం, చెంపదెబ్బ వాడికి గుర్తే లేవు. ఆ రాత్రి వాడి పక్కన పడుకోనని నేను మంచం మార్చుకున్నది మాత్రం గుర్తుంది.