నీలం గురించి రాస్తున్న బిడ్డకు

హనుమకొండ

బిడ్డా,

పాత గోడ బొమ్మల్లోని కృత్రిమ నీలం రంగుల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. నిదానంగా చదివాను. కెమిస్ట్రీ చదువుకుంటూ తెలుగులో సైన్స్ రాయాలని కూర్చున్నావు, చాలా సంతోషం. భాష బాగుంది, దాని జోలికి నేను పోను. నా బాధంతా మూడో పేరాలోని ఒక్క వాక్యం గురించి. "ఎక్స్-రే యంత్రంతో పరీక్షించగా ఆ రంగు ఈజిప్షియన్ బ్లూ అని తేలింది" అని రాశావు. ఎలా తేలింది?

ఈజిప్షియన్ బ్లూ అంటే ప్రాచీన ఈజిప్టులో పుట్టిన కృత్రిమ నీలమని, కాల్షియం, రాగి, సిలికా కలిసిన స్ఫటికమని నువ్వే పైన చెప్పావు. ఎక్స్-రే ఫ్లోరసెన్స్ యంత్రం మూలకాల పేర్లు చెప్పి ఊరుకుంటుంది. గోడ గచ్చులో సున్నం ఉంది, ఇసుక ఉంది. అంటే కాల్షియం, సిలికాన్ అక్కడ ముందే ఉన్నాయి. దాని మీద అజురైట్ అనే సహజమైన రాగి ఖనిజంతో నీలం పూసినా యంత్రం ఆ మూడు పేర్లే చూపిస్తుంది. కిరాణా చీటీలో బియ్యం, బెల్లం, పాలు కనిపిస్తే ఆ ఇంట్లో పరమాన్నం వండారని రాసేస్తామా? రాగి ఉందన్నంత వరకే నిజం. అది ఏ రూపంలో ఉందో కనుక్కోవడమే ఈ పరిశోధనలో అసలు కథ, దాన్ని నువ్వు ఒక్క "తేలింది"తో దాటేశావు.

కాబట్టి ఆ పేరాను విప్పి రాయి. 1928లో మన సి.వి. రామన్ కనిపెట్టిన ప్రభావం ఇక్కడ పనికొస్తుంది. లేజర్ కాంతి పదార్థానికి తగిలి చెదిరితే, ఆ పదార్థానికి ప్రత్యేకమైన గీతలు కనిపిస్తాయి. ఈజిప్షియన్ బ్లూకు బలమైన గీతల్లో ఒకటి రామన్ స్కేలు మీద 1086 దగ్గర వస్తుంది. సున్నపు గోడలో ఉండే కాల్సైట్‌కు కూడా దాదాపు అక్కడే వస్తుంది! అందుకే కాల్సైట్‌కు లేని 430 దగ్గరి గీత కూడా ఉందా అని చూడాలి. ఇంత లోతుకు వెళితే చదివేవాళ్లకు బోర్ కొడుతుందని టెన్షన్ పడకు. చిక్కు ఎక్కడుందో చూపిస్తే మామూలు పాఠకుడు కూడా ఆసక్తిగా వెంట వస్తాడు.

నాకు బాగా ఇష్టమైన పద్ధతిని నువ్వు ముట్టుకోనే లేదు. కనిపించే కాంతి, ముఖ్యంగా ఎర్ర కాంతి, పడినప్పుడు ఈజిప్షియన్ బ్లూ మన కంటికి అందని పరారుణ కాంతిని బయటికి వదులుతుంది. అది 910 నానోమీటర్ల దగ్గర గట్టిగా ఉంటుంది. మామూలు డిజిటల్ కెమెరాలోంచి పరారుణాన్ని ఆపే ఫిల్టర్ తీసేసి, కనిపించే కాంతిని ఆపే ఫిల్టర్ బిగించి ఫోటో తీస్తే, ఆ నీలం ఉన్న చోట్లు తెల్లగా మెరుస్తాయి. బొమ్మ మాసిపోయి కంటికి ఏమీ కనిపించని చోట నాలుగు రేణువులు మిగిలినా దొరికిపోతాయి. గోడను గీకక్కర్లేదు. అజురైట్ ఇలా మెరవదు, లాపిస్ లాజులీ అనే నీలిరాయి పొడీ మెరవదు. అయితే కాల్షియం బదులు బేరియంతో చైనావాళ్లు చేసిన హాన్ బ్లూ, హాన్ పర్పుల్ మెరుస్తాయి. ఈ "అయితే"ను మింగేయకు, రాయి.

తయారీని "అధిక ఉష్ణోగ్రత వద్ద" అని మూడు మాటల్లో ముగించావు. అక్కడ మనుషులున్నారు, వాళ్లను చూపించు. రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ చెప్పిన పద్ధతి చూడు. ఇసుకను, నాట్రన్ అనే సోడా ఉప్పును పిండిలా నూరి, రాగిని ఆకురాయితో రాకి ఆ పొడి కలిపి, తడిపి, చేతులతో ఉండలు చుట్టి ఆరబెట్టి, మట్టి పాత్రలో పెట్టి బట్టీలో కాల్చేవారట. సున్నం మాట ఆయన చెప్పనే లేదు. ఆ ఇసుకలోనే సున్నం ఉండి ఉంటుందని పండితుల ఊహ. వేడి సుమారు 850 నుంచి 1000 డిగ్రీల మధ్య నిలవాలి, బట్టీలోకి గాలి బాగా ఆడాలి. తయారైన ముద్దను ముతకగా నూరితే ముదురు నీలం, మెత్తగా నూరితే లేత నీలం. థర్మామీటర్ లేని రోజుల్లో మంట రంగును బట్టి ఇదంతా పట్టుకున్న పనివాడికి నీ వ్యాసంలో కనీసం ఒక పేరా ఇవ్వాలి.

"రోమన్ల తర్వాత ఈ విద్య పూర్తిగా అంతరించింది" అన్నది కూడా సవరించు. వాడకం బాగా తగ్గిన మాట నిజమే. కానీ రోమ్‌లోని విల్లా ఫర్నెసీనా అనే భవనంలో చిత్రకారుడు రఫాయెల్ 1510ల్లో వేసిన గలాటియా కుడ్యచిత్రంలో ఈ నీలం ఉందని 2020లో బయటపడింది.

ఇక మన ఊరి సంగతి. చివర వరంగల్‌ను తెచ్చావు, తేవాల్సిందే. కానీ "కాకతీయుల చిత్రకారులకూ ఈ నీలం తెలిసే ఉంటుంది" అన్న వాక్యం కొట్టెయ్. రామప్ప గుడి చూసి గుండె పొంగడం నాకూ తెలుసు. ఆ పొంగును పరీక్ష ఫలితంలాగా రాస్తే, రేపు నిజంగా ఏదైనా దొరికిన రోజున మన మాట ఎవరూ నమ్మరు.

దాని బదులు చేతికందే నీలాల గురించి రాయి. చేర్యాల నకాషీ బొమ్మల్లో సంప్రదాయంగా వాడిన నీలం నీలిమొక్కది. అందులో లోహం లేదు కాబట్టి నువ్వు నమ్ముకున్న ఎక్స్-రే యంత్రం దాన్ని గుర్తించలేదు. యంత్రానికి కనిపించనంత మాత్రాన రంగు లేదని కాదని నీ పాఠకుడికి చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. తర్వాత మన ఇళ్ల గోడలకు సున్నంలో కలిపిన నీలిమందు. పేరు అలా ఉన్నా అది నీలిమొక్కది కాదు, ఈజిప్షియన్ బ్లూ లాగే కృత్రిమ రంగు. అజంతా గోడల మీద వాడిన లాపిస్ లాజులీలోని నీలాన్నే, తెల్లమట్టి, సోడా, గంధకం కలిపి కాల్చి తయారుచేసే పద్ధతి 1828 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో, జర్మనీలో దొరికింది. ఆ పొడి మన కిరాణా కొట్టుదాకా వచ్చింది. బకెట్ సున్నానికి ఎంత వేసేవారో, ఎక్కువైతే ఏమయ్యేదో మీ నాయనమ్మను అడుగు. ఆమె చెప్పింది చెప్పినట్టే రాసుకో.

రెండో డ్రాఫ్టులో ప్రతి "తేలింది" పక్కన ఏ పరీక్షతో తేలిందో పెన్సిల్‌తో రాసి పంపు. వచ్చే ఆదివారం ఇంటికొస్తే రామన్ గీతల బొమ్మ ఎలా గీయాలో కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ సారు