హెచ్‌పీవీ రూపం మార్చుకుంటే టీకా పనిచేయదా?

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు. నిరుడు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్‌కి టీకా వేయించాం. ఈ వైరస్‌లో హెచ్‌పీవీ 16 అనే ఒక్క రకంలోనే మళ్లీ ఏ, బీ, సీ, డీ అని శాఖలున్నాయని ఈమధ్య చదివాను, అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. కరోనాలాగా ఇదీ మారిపోతుంటే వేయించిన టీకా వృథాయేనా? మళ్లీ వేయించాలా?
– ఒక తల్లి

జవాబు: అక్కర్లేదండీ, శాఖల గురించి భయపడి మళ్లీ వేయించాల్సిన పని లేదు. కరోనా జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ, దానికి నకలు తీసుకునేటప్పుడు తప్పులు దొర్లుతూనే ఉంటాయి. హెచ్‌పీవీది డీఎన్‌ఏ. సుమారు 8 వేల అక్షరాల ఆ డీఎన్‌ఏకి నకలు తీసేది మన కణాల్లోని యంత్రాంగమే, అది తప్పులు దిద్దుకుంటూ పనిచేస్తుంది కాబట్టి ఈ వైరస్ చాలా నెమ్మదిగా మారుతుంది. మీరు చదివిన శాఖలు నిన్నమొన్న పుట్టినవి కావు, వేల ఏళ్లుగా మనుషుల్లో ఉన్నవే.

టీకాలో వైరస్ డీఎన్‌ఏ ఉండదు. ఎల్‌1 అనే ప్రొటీన్ అణువులు 360 దాకా చేరి గుండ్రటి ఖాళీ డొల్లలా ఏర్పడతాయి, చూడ్డానికి అచ్చం వైరస్ పైతొడుగే. దాని మీద బయటికి పొడుచుకొచ్చిన మెలికలను మన యాంటీబాడీలు పట్టుకుంటాయి. 16లోని శాఖల మధ్య ఈ మెలికల్లో తేడా చాలా తక్కువ. టీకా వేసుకున్నవాళ్ల రక్తంతో ల్యాబ్‌లో పరీక్షిస్తే నాలుగు శాఖలూ దాదాపు ఒకేలా లొంగాయి. కొన్ని శాఖలకు క్యాన్సర్ తెచ్చే గుణం ఎక్కువన్నది నిజమే, కానీ వైరస్‌ను కణంలోకే దూరనివ్వకపోతే ఆ గుణంతో పనేముంది?

అసలు చూడాల్సింది శాఖల్ని కాదు, 16, 18 లాంటి రకాల నంబర్లని. ఎల్‌1 జన్యువులో 10 శాతానికి పైగా తేడా ఉంటేనే కొత్త నంబర్ ఇస్తారు, అక్కడ టీకాకి నిజంగానే తేడా తెలుస్తుంది. 16, 18లకు మాత్రమే చేసిన టీకా 31, 33, 45 నుంచీ కొంత కాపాడుతుంది, అయితే ఆ రక్షణ అరువు తెచ్చుకున్నది, యాంటీబాడీలు పల్చగా ఉంటాయి, అందుకే అక్కడ శాఖల మధ్య చిన్న తేడా కూడా బయటపడుతుంది. 2014లో వచ్చిన, తొమ్మిది రకాల హెచ్‌పీవీలకు పనిచేసే టీకాలో ఈ మూడింటినీ నేరుగా చేర్చారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో 70 శాతానికి కారణం 16, 18 కాగా, ఈ తొమ్మిది రకాల టీకా దాదాపు 90 శాతం క్యాన్సర్లకు కారణమయ్యే రకాలను కవర్ చేస్తుంది. మీ అమ్మాయికి ఏది వేశారో కార్డులో చూసి పెట్టుకోండి. ఏది వేసినా మిగతా రకాలుంటాయి కాబట్టి పెద్దయ్యాక స్క్రీనింగ్ (లక్షణాలు లేకపోయినా ముందుగా చేయించుకునే పరీక్ష) మానకూడదు.

ఇంతకీ మీరు పరీక్ష చేయించుకున్నారా? 30 దాటిన ఆడవాళ్లు 5 నుంచి 10 ఏళ్లకోసారి హెచ్‌పీవీ పరీక్ష చేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అమ్మాయి గురించి ఇంత ఆలోచించారు, మీ పరీక్ష వాయిదా వేయకండి.