కూరలో లేదండీ, సింకు దగ్గరుంది

మీరు హయత్‌నగర్ వైపు ఉంటామన్నారు. కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ అన్న వార్త చూశాక చికెన్ మానేయాలా, నాన్నగారికి రోజూ అలవాటైన హాఫ్ బాయిల్ ఆపాలా, మనిషికి సోకితే సగం మంది పోతారట నిజమేనా అని అడిగారు.

నేను డాక్టర్ని కాను. మా మేనమామకి వనస్థలిపురంలో చికెన్ సెంటర్ ఉంది. ఆదివారాలు నేను గల్లా దగ్గర కూర్చుంటాను, పనికుర్రాడు రాకపోతే కోళ్లు పట్టి తూకం కూడా వేస్తాను. పైగా 2025 ఫిబ్రవరిలో నాకే బర్డ్ ఫ్లూ వచ్చిందేమోనని రెండు రోజులు ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేశాను. ముందు అది చెప్తా.

అప్పుడు ఉభయ గోదావరి జిల్లాల ఫారాల్లో కోళ్లు కుప్పలుగా చచ్చాయి. భోపాల్ ల్యాబ్ పరీక్షల్లో హెచ్5ఎన్1 అని, అంటే బర్డ్ ఫ్లూ వైరసేనని తేలింది. ఆంధ్రా నుంచి వచ్చే కోళ్ల బండ్లను మన సరిహద్దు చెక్‌పోస్టుల్లో ఆపేశారు. ఆదివారం పదింటికల్లా ఎనభై కోళ్లు పోయే షాపులో ఆ వారం ఇరవై కూడా పోలేదు. పక్కన మటన్ కొట్టతను మాత్రం మమ్మల్ని చూసి జాలిపడుతూనే కత్తి నూరుకుంటున్నాడు.

ఆ రోజు కుర్రాడు ఊరెళ్లాడు. బుట్టలోంచి కోడిని తీసేది నేను, మెడ కోసి డ్రమ్ములో వేసేది మామ. డ్రమ్ములో అది రెక్కలు కొట్టుకుంటుంటే నెత్తుటి తుంపర మోచేతి దాకా పడుతుంది. ఈకల పొడి ముక్కులోకి పోతుంది. మధ్యలో టీ వస్తే చెయ్యి లుంగీకి తుడుచుకుని తాగేశాం. ఇన్నేళ్లుగా అలాగే తాగుతున్నాం.

బుధవారం పొద్దునకి 102 జ్వరం, దగ్గు, ఒళ్లంతా పులకరం. మా వీధి చివర డాక్టర్ గారు ఏం పని చేస్తారని అడిగి, చెప్పగానే, "షాపులో కోళ్లేమైనా ఉన్నట్టుండి చచ్చాయా?" అన్నారు. లేదన్నాను. ముక్కులోంచి శాంపిల్ తీయించారు. సాయంత్రానికి ఫోన్లో రిపోర్టు వచ్చింది: ఇన్‌ఫ్లుయెంజా ఏ పాజిటివ్. ల్యాబ్ కుర్రాడికి ఫోన్ చేస్తే, "బర్డ్ ఫ్లూ కూడా ఏ లోకే వస్తుంది సార్" అని తాపీగా చెప్పి పెట్టేశాడు. నాకు కాళ్లలో సత్తువ పోయింది.

అతను చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. ఏటా అందరికీ వచ్చిపోయే హెచ్3ఎన్2, స్వైన్ ఫ్లూ అని పిలిచే హెచ్1ఎన్1, ఇవీ ‘ఏ’ రకాలే. త్వరగా చేసే పరీక్ష ‘ఏ’ వరకే చెప్తుంది. అందులో ఏ రకమో తేల్చడానికి వేరే పరీక్ష కావాలి. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తే డాక్టర్ గారు ఇదంతా చెప్పి, ఓపిగ్గానే తిట్టి, అదే శాంపిల్‌ని ఆ పరీక్షకు పంపించారు. ఫలితం కోసం ఆగకుండా ఆ రాత్రే ఒసెల్టామివిర్ మొదలుపెట్టించారు. లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు మొదలుపెడితే ఆ మందు బాగా పనిచేస్తుందట. (టామీఫ్లూ అంటే ఇదే. 2005లో రోష్ కంపెనీ దగ్గర లైసెన్స్ తీసుకుని దీన్ని తయారు చేసింది మన హైదరాబాద్ మందుల కంపెనీ హెటెరోనే. మాత్ర మింగుతున్నప్పుడు ఆ సంగతి తెలిసుంటే కాస్త ధైర్యంగా ఉండేదేమో.) రెండు రోజులు వేరే గదిలో, మాస్కుతో. మా ఆవిడ కంచం గుమ్మం దగ్గర పెట్టి వెళ్లేది. శుక్రవారం హెచ్3ఎన్2 అని వచ్చింది. మామూలు ఫ్లూ.

చచ్చిన కోళ్ల గురించి డాక్టర్ గారు మాటవరసకు అడిగారనుకున్నాను. తర్వాత అర్థమైంది, అసలు ప్రశ్న అదేనని. బర్డ్ ఫ్లూ సోకిన కోళ్లు కుప్పలుగా చస్తాయి, అలాంటివాటి దగ్గరికి పోకపోతే మనిషికి వచ్చే దారి తక్కువ. ఈ వైరస్ మన కణంలోకి దూరాలంటే కణం మీద దానికి సరిపోయే తాళం ఉండాలి. పక్షుల పేగుల్లో, శ్వాసనాళాల్లో ఆ తాళాలు బోలెడు. మనకి ముక్కులో, గొంతులో తక్కువ, ఊపిరితిత్తుల అడుగున ఎక్కువ. అందుకే మామూలుగా తిరిగే మనిషికి తేలిగ్గా అంటుకోదు. అడుగు దాకా దిగితే మాత్రం న్యుమోనియాతో పీకల మీదికి తెస్తుంది. దగ్గితే పక్కవాళ్లకి అంటుకుంటూ పోయే గుణం కూడా దీనికి ఇప్పటిదాకా రాలేదు. వైరస్ మారి ఆ గుణం వస్తుందేమోనన్నదే శాస్త్రవేత్తల భయం. ఫారంలో ఒక్క కోడికి తేలినా చుట్టూ కిలోమీటరు మేర కోళ్లన్నీ చంపి పూడ్చేది అందుకు కూడా.

ఇక సగం మంది లెక్క. 1997లో హాంకాంగ్‌లో మొదటిసారి మనుషులకు సోకినప్పుడు 18 మందిలో 6 మంది పోయారు. 2003 నుంచి ప్రపంచంలో నమోదైన 900 పైచిలుకు కేసుల్లో దాదాపు సగం మరణాలే. కాబట్టి మీరు విన్నది తప్పు కాదు. కానీ ఆ లెక్కలోకి వచ్చింది ఎక్కువగా ఒళ్లు విషమించి ఆసుపత్రిలో చేరినవాళ్లే. రెండు రోజుల జ్వరంతో లేచి తిరిగినవాణ్ణి ఎవరు పరీక్ష చేశారు? అమెరికాలో 2024 నుంచి పాడి ఆవులకూ ఈ వైరస్ సోకింది. అక్కడ డెయిరీల్లో, ఫారాల్లో పనిచేసేవాళ్లను వెతికి మరీ పరీక్షిస్తే దాదాపు 70 మందికి ఉందని తేలింది. చాలామందికి కళ్లు ఎర్రబడటం, కాస్త జ్వరం, అంతే. అక్కడ తిరిగే రకం వేరులెండి, అది చూసి మనం నిశ్చింతగా ఉండలేం.

ఎందుకంటే మన పక్కనే నరసరావుపేటలో రెండేళ్ల పాప 2025 మార్చిలో దీనితోనే చనిపోయింది. మంగళగిరి ఎయిమ్స్‌లో చికిత్స చేశారు, పుణె ల్యాబ్ హెచ్5ఎన్1 అని నిర్ధారించింది. కూరకి కోస్తున్న పచ్చి చికెన్ ముక్క నోట్లో పెట్టుకుందని ఇంట్లోవాళ్లు చెప్పారు. ఆ వార్త చదివి మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. మా వాడు ఏడుస్తున్నాడని పచ్చి లెగ్ పీసు చేతికిచ్చి ఊరుకోబెట్టిన రోజులు మా ఇంట్లోనూ ఉన్నాయి మరి.

అయినా వండిన చికెన్ మానక్కర్లేదు. 70 డిగ్రీల వేడికి ఈ వైరస్ నిలవదు. మన కూర, బిర్యానీ అంతకంటే ఎక్కువే ఉడుకుతాయి. ఫ్రిజ్‌లో పెడితే మాత్రం చావదు, చల్లదనం దానికి హాయి. జాగ్రత్తంతా పచ్చి మాంసం దగ్గర. అసలు కడగొద్దనే నిపుణులు చెప్తారు, తుంపర చుట్టూ పడుతుందని. మా అమ్మకి ఆ మాట చెప్తే ఆవిడ చూసిన చూపుకి మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు కుళాయి ధార కింద కాకుండా గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడుగుతున్నారు. తర్వాత సింకు, గిన్నె, చేతులు సబ్బుతో. ఈ వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బుకి అది చితికిపోతుంది. ఆ పనయ్యేదాకా మీ పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి. ఇంకోటి, చికెన్ కోసిన చెక్క మీదే నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ చక్రాలు కోస్తాం. ఉడకనిది అదొక్కటే కదా. వేరే చెక్క పెట్టుకోండి.

మీ వైపు 2015లో తొర్రూరులో, 2025 ఏప్రిల్‌లో అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో ఫారాల్లో వచ్చింది. మళ్లీ రాదని అనుకోలేం. కాకి, పావురం, కోడి ఏది చచ్చిపడున్నా చేత్తో ముట్టకండి, పశువుల ఆసుపత్రికి చెప్పండి. పిల్లిని పెంచుతుంటే దానికి పచ్చి మాంసం వేయకండి, పిల్లులకీ సోకుతుంది. పక్షుల్ని ముట్టుకున్న పది రోజుల్లోపు జ్వరం, దగ్గు, ఆయాసం, కళ్లు ఎర్రబడటం ఉంటే డాక్టర్‌కి ముందు ఆ సంగతే చెప్పండి, ఆయన అడగకపోయినా. ఏటా వేసుకునే ఫ్లూ టీకా దీన్ని ఆపదు.

మామ ఇప్పుడు గ్లౌజులు, మాస్కు వేస్తున్నాడు. మొహం వాచి, తురాయి నీలంగా మారిన కోడి ఒక్కటి కనిపించినా బండి మొత్తం వెనక్కి పంపుతాడు. టీ మాత్రం చేతులు కడిగాకే.

నాన్నగారి హాఫ్ బాయిల్ కొన్నాళ్లు ఆపించండి, జారే పచ్చసొనకి వేడి సరిగా తగలదు. ఉడికించిన గుడ్డు ఎండిపోయినట్టుందని ఆయన గొణిగితే రెండు వైపులా బాగా కాల్చిన ఆమ్లెట్ వేసి పెట్టండి. మిరియాలు కాస్త ఎక్కువ వేస్తే గొడవ పెట్టరు, మా మామ మీద పనిచేసింది.