చెయ్యి వెళ్లే చోట బటన్ లేదు

ప్రశ్న: పధ్నాలుగేళ్లుగా వీడియో ఎడిటింగే నా వృత్తి. నేను వాడే ప్రోగ్రామ్ పోయిన నెల కొత్త వెర్షన్‌లో గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. బొమ్మనీ శబ్దాన్నీ వరుసలుగా పేర్చుకునే ట్రాకులు పోయాయి. ఒక క్లిప్ తీస్తే తర్వాతవన్నీ వాటంతటవే ముందుకు జరిగిపోతున్నాయి. శబ్దాలన్నీ కలిపే మిక్సింగ్‌కి పంపే ఫైల్ తీసే ఆప్షనే కనిపించడం లేదు. గంట పనికి పూట పడుతోంది. మా అసిస్టెంట్ మాత్రం "బాగానే ఉంది కదండీ" అంటున్నాడు. లోపం దానిదా, నాదా?

జవాబు: మీ అసిస్టెంట్ మీద కోపం తెచ్చుకోకండి. అతను మర్చిపోవాల్సింది తక్కువ, మీరు మర్చిపోవాల్సింది పధ్నాలుగేళ్లది. వీడియోని వెనక్కి, ముందుకి నడిపే, ఆపే జె, కె, ఎల్ కీల మీద మూడు వేళ్లు ఆనించి, చూపు నటుడి కనురెప్ప మీద పెట్టి కోస్తాం మనం. రెప్ప వాలే ముందు కోయాలా, వాలాక కోయాలా అన్నదే ఆలోచన. కీ ఎక్కడుందో ఆలోచించం. బటన్ కోసం వెతకాల్సి వస్తే చూపు రెప్ప మీంచి మెనూ మీదికి పోతుంది. తిరిగొచ్చేసరికి ఏ ఫ్రేమ్ అనుకున్నామో గుర్తుండదు. మీకు పోతున్నది టైమ్ ఒక్కటే కాదు, ఆ ఫ్రేమ్ కూడా.

అయితే మీ ఉత్తరంలో రెండు ఫిర్యాదులు కలిసిపోయాయి. క్లిప్‌లు జరిగిపోవడం వేరే పద్ధతి. మిక్సింగ్ ఫైల్ రాకపోవడం లోటు. మొదటిదాన్ని నేర్చుకోవచ్చు. రెండోదానికి ఎంత ఓపిక పట్టినా లాభం లేదు, అది వాళ్లు ఇస్తేనే వస్తుంది.

ఇదంతా ఇంతకుముందు ఒకసారి జరిగిందే. 2011 జూన్ 21న యాపిల్ సంస్థ తన ఎడిటింగ్ ప్రోగ్రామ్ కొత్త వెర్షన్, ఫైనల్ కట్ ప్రో ఎక్స్ విడుదల చేసింది. (దాన్ని 'టెన్' అనాలని వాళ్లన్నారు, అందరూ 'ఎక్స్' అనే అన్నారు.) పాత వెర్షన్ 7 ముప్పై రెండు బిట్ల ప్రోగ్రామ్. కంప్యూటర్‌లో ఎంత మెమరీ ఉన్నా 4 జీబీ దాటి వాడుకోలేదు. కాబట్టి కొత్తగా రాయక తప్పదు, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ వచ్చినదాంట్లో మల్టీక్యామ్ (ఒకే సన్నివేశాన్ని పలు కెమెరాలు తీసినవి కలిపి కోసే వీలు) లేదు. కోతల వివరాలు వేరే ప్రోగ్రాములకి అందించే ఫైళ్లు ఎక్స్‌ఎమ్‌ఎల్ లేదు, ఈడీఎల్ లేదు, సౌండ్ వాళ్లకి ఇచ్చే ఓఎమ్‌ఎఫ్ లేదు. వెర్షన్ 7 ప్రాజెక్టులు అందులో తెరుచుకోవు. ఇంట్లో సరదాకి వాడుకునే ఐమూవీ ప్రాజెక్టులు మాత్రం తెరుచుకున్నాయి! వృత్తిలో ఉన్నవాళ్లకి ఒళ్లు మండింది అక్కడే. వెటకారంగా దానికి 'ఐమూవీ ప్రో' అని పేరు పెట్టారు. అమెరికాలో కోనన్ ఓబ్రయన్ టీవీ షో ఎడిటర్లయితే దాన్ని వెక్కిరిస్తూ ఓ వీడియోనే చేశారు. అన్నిటికీ మించి, కొత్తది రాగానే పాతదాని అమ్మకం ఆపేశారు. కొన్నాళ్లకి పెద్ద సంస్థల కోసం మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఎక్స్‌ఎమ్‌ఎల్ ఆ సెప్టెంబర్‌లో వచ్చింది. మల్టీక్యామ్ 2012 జనవరిలో. ఏడు నెలలన్నమాట. బయటివాళ్లకి ఏడు నెలలు ఎక్కువ కాదనిపించవచ్చు. చేతిలో ఉన్న పని వచ్చే వారం మిక్సింగ్‌కి వెళ్లాల్సినవాడికి అలా అనిపించదు. ఎడిటర్ ఒంటరిగా పనిచేసేవాడు కాదు కదా. మన టైమ్‌లైన్ (షాట్లు వరుసగా పేర్చిన పట్టీ) అక్కణ్ణుంచి సౌండ్‌కి, కలర్ గ్రేడింగ్‌కి, గ్రాఫిక్స్‌కి వెళ్తుంది. డిజైన్ చేసినవాళ్లు ఎడిటర్ ఎదుట ఉన్న తెర బాగుచేశారు గానీ, ఆ గది తలుపు మూసేశారు.

ఇక ఆ జరిగిపోయే క్లిప్‌ల సంగతి. దాన్ని మాగ్నెటిక్ టైమ్‌లైన్ అంటారు, మీ ప్రోగ్రామ్‌లోనూ అదే కోవ అనుకుంటాను. పాత పద్ధతిలో ఒక షాట్ లోంచి పన్నెండు ఫ్రేములు తీస్తే అక్కడ నల్లటి ఖాళీ మిగిలేది. ఆ ఖాళీని మనమే మూయాలి, మూసేటప్పుడు కింద ఏ ట్రాక్ లాక్ చేయడం మర్చిపోయినా మాట పెదవుల నుంచి అర సెకను జారిపోయేది. కొత్త పద్ధతిలో ఖాళీ దానంతటదే మూసుకుంటుంది, పైనా కిందా తగిలించినవి తమ షాట్‌తో పాటే కదులుతాయి. మాటకీ పెదవులకీ సింక్ చెడదు. నిజం చెప్పాలంటే ఇంటర్వ్యూలు కోయడానికి ఇంతకంటే హాయి లేదు. చిక్కల్లా ఎక్కడంటే, తలుపు చప్పుడు ఒక షాట్‌కి తగిలించి ఉందనుకోండి. ఆ షాట్ వద్దని తీసేస్తే చప్పుడూ దాంతోపాటే మాయం. తర్వాతి షాట్‌లో మనిషి చప్పుడు లేకుండా గదిలో ప్రత్యక్షమవుతాడు! ఫైనల్ కట్‌లో దీనికి విరుగుడు ఉంది. పొజిషన్ టూల్ తీసుకుంటే క్లిప్ పెట్టిన చోటే ఉంటుంది. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కితే ఖాళీ అలాగే మిగులుతుంది. మీ దాంట్లోనూ అలాంటిది ఉంటుంది, వెతకండి.

ఇప్పుడు చేతిలో ఉన్న పని మాత్రం పాత వెర్షన్‌లోనే ముగించండి. కొత్తదాన్ని రెండు నిమిషాల చిన్న పని మీద ప్రయత్నించండి, అదీ డెడ్‌లైన్ లేనిది. మిక్సింగ్ ఫైల్ వచ్చేదాకా అసలు పనిని అందులోకి తేవద్దు. కంపెనీకి రాసేటప్పుడు "చెత్తగా ఉంది" అని రాయకండి. "పదహారు ట్రాకుల శబ్దం మిక్సింగ్‌కి పంపాలి, దారి లేదు" అని రాయండి. తిట్టుకి ఎవరూ ఫీచర్ రాయలేరు.

పాతది ఎన్నాళ్లు పట్టుకుని వేళ్లాడాలి అంటారా? ఆస్కార్‌లో ఉత్తమ చిత్రమైన 'పారసైట్' 2019లో విడుదలైంది. దాని ఎడిటింగ్ జరిగింది 2009 నాటి ఫైనల్ కట్ ప్రో 7 లోనే.

ప్రశ్న: పాత ప్రాజెక్ట్ కొత్త వెర్షన్‌లో తెరిచి సేవ్ చేశాను. ఇప్పుడు పాతదాంట్లో తెరుచుకోవడం లేదు. ఏం చేయాలి?

జవాబు: నేనూ చేశాను ఈ పని, ఒక డాక్యుమెంటరీ మధ్యలో. ఆటో సేవ్ ఫోల్డర్ చూడండి, మార్చకముందటి కాపీ అక్కడ దొరకవచ్చు. నాకు మూడు రోజుల కిందటిది దొరికింది. ఆ మూడు రోజుల కోతలూ మళ్లీ కోశాను. రెండోసారే బాగా వచ్చిందని దర్శకుడు అన్నాడు, నన్ను ఓదార్చడానికేనేమో. ఆటో సేవ్ కూడా లేకపోతే కొత్తదాంట్లోంచి ఎక్స్‌ఎమ్‌ఎల్ తీసి పాతదాంట్లోకి తెచ్చుకోండి. కోతలు వస్తాయి, ఎఫెక్ట్‌లు చాలావరకు రావు. ఇకమీదట అప్‌డేట్ నొక్కే ముందు ప్రాజెక్ట్‌కి వేరే పేరుతో ఒక కాపీ తీయండి, పూర్తయిన వీడియో మాస్టర్ ఫైల్ కూడా దాచండి. ప్రాజెక్ట్ ఎప్పటికీ తెరుచుకోకపోయినా వీడియో అయినా మిగులుతుంది.

ప్రశ్న: కొత్త ప్రోగ్రామ్‌లో పాత షార్ట్‌కట్‌లే పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోవచ్చు. ప్రీమియర్‌లో, డావిన్చీ రిజాల్వ్‌లో వేరే ప్రోగ్రాముల కీబోర్డ్ అమరికలు తయారుగా ఉంటాయి. కానీ మొత్తం మార్చేస్తే వేరే వాళ్ల సిస్టమ్ మీద కూర్చున్న రోజు ఇబ్బంది పడతారు. రోజుకు వందసార్లు నొక్కే ఐదారు కీలు మార్చుకుని, మిగతావి వాళ్లిచ్చినట్టే ఉంచండి. నేను షాట్‌ని కోసే రేజర్ కీ మార్చకుండా కొత్తదే నేర్చుకుందామనుకున్నాను. వారం తిరక్కుండానే మార్చేశాను.